స్వెట్టర్లో ముగ్గురు

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో ప్రశాంతి రెసిడెన్సీ అని నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటి ఉంది. బిల్డరు ఆ పేరు పెట్టేనాటికి కామరాజు ఇంకా అందులో ఫ్లాటు కొనలేదు.

కామరాజుది భీమవరం పక్క ఊరు. కరెంటాఫీసు ఉద్యోగంలో కోస్తా జిల్లాలన్నీ తిరిగి, ఆఖర్న సికింద్రాబాద్ బదిలీ అయి, ఇక్కడే రిటైరయ్యాడు. గాలివానలో స్తంభం మీదున్న మనిషికి కిందనుంచి వినపడేలా చెప్పాలంటే గొంతు పెద్దది కావాలి. ఉద్యోగం అయిపోయినా ఆ గొంతు మాత్రం అలాగే ఉండిపోయింది. పాలవాడితో మాట్లాడినా, ఫోనులో వియ్యంకుడి ఒంట్లో ఎలా ఉందని అడిగినా, ఎక్కడో తీగ తెగిపడ్డట్టే వినపడేది. మనిషి చెడ్డవాడు కాదు. నీళ్ళ మోటారు కాలిపోతే ఎర్రటి ఎండలో తనే దాన్ని ఆటోలో వేసుకుని వెళ్ళి బాగుచేయించి తెచ్చేవాడు. అది చూసే అపార్ట్‌మెంటు వాళ్ళు అతన్ని అసోసియేషన్‌కి ప్రెసిడెంటుని చేశారు. చేశాక దించే దారి దొరకలేదు. మీటింగులో ఎవరైనా లేచి రెండు ముక్కలు మాట్లాడబోతే, మూడో ముక్క ఆయన గొంతు కింద పడి నలిగిపోయేది.

అవి రాష్ట్రమంతా కరెంటు కోతల రోజులు. పేపర్లో వేసిన టైముకి ఒకసారి, వేయని టైముకి రెండుసార్లు పోయేది. తను జీవితమంతా సరఫరా చేసిన కరెంటుని జనం ఇలా తగలేస్తున్నారని కామరాజుకి మహా కడుపుమంట. మీటింగు పెట్టి, ప్రశాంతి రెసిడెన్సీలో ఒక్క గుండు బల్బు కూడా ఉండకూడదని తీర్మానం చేయించాడు. స్టూలొకటి, గోనెసంచి ఒకటి పట్టుకుని తనే ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగాడు. పూజగదుల్లో, స్నానాల గదుల్లో, మెట్ల మీద ఉన్న గుండు బల్బులన్నీ విప్పేసి, తెల్లగా వెలిగే సీఎఫ్ఎల్ బల్బులు బిగించాడు.

మూడో అంతస్తులో జ్ఞానమణి టీచరు ఉండేది. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. డిసెంబరు రాగానే ఆవిడ బాల్కనీలో ఎర్ర కాగితం నక్షత్రం కట్టి, లోపల గుండు బల్బు వెలిగించేది. ఆ వెలుతురు సందు చివర దాకా దానిమ్మ గింజ రంగులో కనపడేది. కామరాజు స్టూలెక్కి దాన్ని కూడా విప్పేశాడు. కొత్త బల్బుతో ఆ నక్షత్రం పాలిపోయి, ఆపరేషన్ థియేటరు ముందు లైటులా తయారైంది. సందులోకి కొత్తగా దిగిన ఒకాయన నిజంగానే నర్సింగ్‌హోమ్ అనుకుని, జ్వరంతో మూడంతస్తులూ ఎక్కివచ్చి బెల్లు కొట్టాడు. టీచరు ఆయన్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మాత్ర ఇచ్చి పంపించింది. కామరాజుని మాత్రం క్షమించలేదు. క్షమించాలని ప్రతి ఆదివారం చర్చిలో అనుకునేదట. ఇంటికొచ్చి నక్షత్రం పెట్టిన అట్టపెట్టె చూడగానే ఆ అనుకున్నది పోయేదట.

కామరాజు భార్య సీతారత్నం బ్యాంకులో క్యాషియరు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఇంట్లో ఒక గొంతు సరిపోతుందని కాబోలు, ఆవిడ చాలా తక్కువ మాట్లాడేది. ఆవిడకున్న సరదా ఒక్కటే, బాల్కనీలో పంజరం. అందులో తల మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ రంగు బొట్లు ఉన్న బూడిదరంగు పిట్టల జంట. కాకటీల్ అని వాటి పేరు. పిట్టలు అమ్మే దుకాణంవాడు వాటిని కాక్‌టెయిల్ అనేవాడు. అపార్ట్‌మెంటు వాళ్ళు ఆ గొడవంతా లేకుండా రత్నంగారి చిలకలు అనేవారు.

ఆ మరుసటి డిసెంబరు మొదట్లో గండుపిల్లి ఒకటి బాల్కనీలోకి దూకి, పంజరానికి వేలాడి నానా రభసా చేసింది. కామరాజు ఒక్క అరుపు అరిచేసరికి పిల్లి పారిపోయింది గానీ, పిట్టల జంట బెదిరిపోయి, పిల్లలున్న గూడు పెట్టెలోకి పోవడం మానేసింది. సాయంత్రం సీతారత్నం బ్యాంకునుంచి వచ్చి పెట్టెలోకి తొంగిచూస్తే, మూడు పిల్లలు చల్లబడి పడున్నాయి. కళ్ళు అప్పుడప్పుడే తెరుస్తున్నాయి. పల్చటి పసుపు నూగుతో, పసుపు రాసిన అల్లం ముక్కల్లా ఉన్నాయి. ఆవిడ చెప్పులైనా విప్పకుండా వాటిని దోసిట్లోకి తీసుకుని, నోటి ఆవిరి పడుతూ, దుకాణంవాడికి ఫోను చేయించింది. అతను చెప్పింది ఇది: ముందు వెచ్చదనం, తర్వాతే మేత. ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి తిండి పెడితే అది అరగక మెడ కింద సంచిలోనే పులిసిపోయి, పిల్ల చచ్చిపోతుంది. ఈకలొచ్చే దాకా పెట్టెలో పెట్టి, బల్బు వేడి మీద పెంచాలి.

సీతారత్నం మొగుడి వైపు చూసి, గుండు బల్బు కావాలంది.

"సీఎఫ్ఎల్ ఉందిగా, పెడదాం," అన్నాడు కామరాజు.

"అది చల్లగా ఉంటుందని మీరే కదండీ ఊరంతా చెప్పారు."

కామరాజు మంకీ టోపీ పెట్టుకుని, కూరల సంచి తీసుకుని బయల్దేరాడు. మెట్టుగూడ కొట్లలో కొనడానికి లేదు. గుండు బల్బులు అమ్మడం దేశద్రోహమని ఆ కొట్లవాళ్ళకి కూడా ఆయన చెప్పి ఉన్నాడు. బన్సీలాల్‌పేట్ దాకా పోయి, తనని ఎరగని కొట్లో అరవై క్యాండిల్ బల్బు ఒకటి కొని, దాన్ని తోటకూర కట్టల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ బిక్షం ఎప్పట్లాగే సంచి అందుకోబోతే, ఎప్పుడూ లేనిది ఇవ్వకుండా గుండెకి హత్తుకున్నాడు. తోటకూరని అలా మోసుకెళ్ళే మనిషిని బిక్షం ఇంతవరకూ చూడలేదు.

చేపల కొట్టునుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టె ఒకటి ఇంట్లో ఉంటే, దాన్ని సబ్బుతో మూడుసార్లు కడిగారు. వాసన మాత్రం కొద్దిగా ఉంది. పెట్టెలో ఒక మూల బల్బు బిగించి, వెలుతురు పిల్లల కళ్ళలో పడకుండా, అడుగున చిల్లు పెట్టిన మట్టి ముంతని దాని మీద బోర్లించారు. రెండో మూల గ్లాసుతో నీళ్ళు పెట్టారు. మెత్తటి పాత తువ్వాలు మీద పిల్లల్ని ఉంచారు. కాసేపటికి అల్లం ముక్కలు కదిలాయి. ఇంకాసేపటికి మూడూ తలలెత్తి, స్టేషన్ దొరకని రేడియోలా గరగరమన్నాయి. అదే వాటి ఆకలి కేక. సీతారత్నం పిట్టపిల్లల పొడితో పల్చగా ఉగ్గు కలిపి, మణికట్టు మీద వేడి చూసుకుని, వంచిన చెంచాతో పోసింది. మెడ కింద సంచులు గోలీల్లా ఉబ్బాయి. మూడూ ఒకదాని మీద ఒకటి తలలు వాల్చి నిద్రపోయాయి.

తెల్లారితే ఆవిడకి బ్యాంకు. ఇంట్లో ఉండేది కామరాజే. అలా ఆయనకి పగటి డ్యూటీ పడింది.

మొదట్లో ఆయనకి అంతా లెక్కగా ఉండాలనిపించింది. గోడకి తగిలించే థర్మామీటరొకటి తెచ్చి పెట్టెలో దింపి, అర డిగ్రీ అటూ ఇటూ అయితే కంగారు పడి, బ్యాంకుకి ఫోను చేసేవాడు. కౌంటరు ముందు జనాన్ని నిలబెట్టి సీతారత్నం ఒకటే చెప్పింది: థర్మామీటరుని కాదు, పిల్లల్ని చూడండి. ఒకదాని మీద ఒకటి ఎక్కి వణికితే చలి. విడివిడిగా పడి నోళ్ళు తెరిస్తే ఉడుకు. పక్కపక్కన పడి నిద్రపోతే అంతా సరే. ఆ తర్వాత ఆయన థర్మామీటరు తీసి అవతల పెట్టి, పెట్టె పక్కనే కుర్చీ వేసుకున్నాడు. టీవీ మానేశాడు. సందులోకొచ్చే కూరల బండివాడితో బేరం మానేశాడు. ఎందుకంటే ఆయన గొంతెత్తగానే మూడు పిల్లలూ ఉలిక్కిపడి లేచి గరగరమనేవి. అవి మళ్ళీ నిద్రపోయేసరికి అరపూట పట్టేది.

ఇంత జరుగుతున్నా ఆయన ఎవరికీ చెప్పలేదు. పిట్టల సంగతి చెబితే బల్బు సంగతి చెప్పాలి. కిటికీకి దళసరి తెర కట్టాడు. అయినా గుండు బల్బు వెలుతురు దాచితే దాగేది కాదు. అపార్ట్‌మెంటులో కిటికీలన్నీ తెల్లగా వెలుగుతుంటే, రెండో అంతస్తులో ప్రెసిడెంటుగారి కిటికీ అంచులు నేతిలో ముంచి తీసినట్టు పచ్చగా మెరిసేవి. బిల్డింగు ఎల్ ఆకారంలో వంగి ఉండడంతో, జ్ఞానమణి టీచరు బాల్కనీలోంచి కిందకి చూస్తే ఆ కిటికీ సరిగ్గా ఎదురు. ఆవిడ మొదటిరోజు కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. రెండోరోజు తుడుచుకోకుండానే చూసింది. మూడోరోజు బిక్షాన్ని పిలిపించి, రాజుగారి ఇంట్లో ఏం జరుగుతోందని అడిగింది.

బిక్షం తనకి తెలిసిందంతా చెప్పాడు. "ఏందో సమజైత లేదు టీచరమ్మ. సార్ దినమంత తలుపులు పెట్టుకొని ఉంటుండు. మొన్న దుకాణపాయన పొడి పాకెట్ తెచ్చిచ్చిండు. ఎందుకన్నా అంటే కాక్‌టెయిల్‌కు అన్నడు. మూడు గంటలకోసారి వెచ్చగ చేసి చెంచాతోని పోయాల్నట."

టీచరు తండ్రి పాస్టరు. ఆ ఇంట్లో మూడు తరాలుగా మందు వాసన తెలియదు. పచ్చటి వెలుతురు, మూసిన తలుపులు, వెచ్చచేసిన కాక్‌టెయిల్. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. ఆవిడ బడిలో వార్షికోత్సవ ప్రసంగం తయారుచేసుకున్నట్టే, నాలుగు రోజులు కూర్చుని మాటలు ఏర్చుకుంది.

ఆదివారం నాడు సీతారత్నం బ్యాంకులో స్నేహితురాలి గృహప్రవేశానికి యాప్రాల్ వెళ్ళింది. వెళ్తూ, మేత పెట్టాక పిల్లల్ని కుదపొద్దని, కుదిపితే తిన్నది పైకి వస్తుందని చెప్పి వెళ్ళింది. కామరాజు పిల్లలకి ఉగ్గు పోసి, మూతులు తుడిచి, మీటింగుకి బయల్దేరబోతుండగా కరెంటు పోయింది. ఆదివారం ఆ టైముకి కోత లేదు. ఆయన తను పనిచేసిన ఆఫీసుని మనసులోనే తిట్టుకున్నాడు. బయటికి తిడితే పిల్లలు లేస్తాయి.

గ్యాసు మీద నీళ్ళు కాచి, సీసాలో పోసి, గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టాడు. వేడి ఎక్కువై పిల్లలు మూడూ మూడు మూలలకి పోయి నోళ్ళు తెరిచాయి. సీసా తీశాడు. చేపల పెట్టె మూత సరిగ్గా పడదు, క్షణాల్లో చల్లబడి అవి ఒకచోటికి చేరి వణికాయి. సీసా పెట్టాడు. ఈలోగా బెల్లు మోగింది. ట్రెజరరు జకర్యా వచ్చాడు. చాలా నెమ్మదైన మనిషి. అందరూ సెల్లారులో కూర్చుని చూస్తున్నారని తలుపు అవతలనుంచే చెప్పి వెళ్ళిపోయాడు.

కామరాజు అటూ ఇటూ చూశాడు. కొక్కేనికి మంకీ టోపీ వేలాడుతోంది. దాన్ని తీసి, తిరగేసి, మూడు పిల్లల్నీ అందులో సర్దాడు. టోపీని బనీను మీద గుండెకి ఆనించి పెట్టుకుని, పైన స్వెట్టరు తొడుక్కుని, మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు. కాసేపు అలాగే నిలబడి గమనించాడు. లోపల చిన్నగా కదలిక, తర్వాత మూడు తలలు వాలిన బరువు. ఆయన మెట్లన్నీ ఒక్కొక్కటే, నిండు చెంబు పట్టుకున్నవాడిలా దిగాడు.

సెల్లారులో స్కూటర్ల మధ్య కుర్చీలు వేసి జనం కూర్చున్నారు. కామరాజు తన కుర్చీలో ఆనుకోకుండా నిటారుగా కూర్చుని, మొదలుపెడదామండీ అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి, మొదలుపెడదామంటున్నారు అని చెప్పారు. అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. గొంతు పోయిందనుకున్నారు కొందరు. గుండె నెప్పేమోనని జకర్యా భయపడ్డాడు. ఎందుకంటే ప్రెసిడెంటు ఒక చెయ్యి ఛాతీ మీదనుంచి తీయడం లేదు.

ముందుగా నాలుగో అంతస్తు నాంచారమ్మ లేచింది. గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు పెట్టుకోవడానికి డాబా తాళంచెవి ఇమ్మని ఆవిడ మూడేళ్ళుగా అడుగుతోంది. వడియాల కోసం కాకులొస్తాయి, కాకులు కేబుల్ వైర్లు పీకుతాయి అని కామరాజు మూడేళ్ళుగా ఆవిణ్ణి కూర్చోబెడుతున్నాడు. ఈసారి కూడా ఆ అరుపుకి సిద్ధపడే, ఆవిడ కొంగు నడుముకి చుట్టుకుని నిలబడింది. కామరాజుకి కాకుల మాట నోటిదాకా వచ్చింది. స్వెట్టరులో ఒక తల ఇటునుంచి అటు తిరిగింది. "తీసుకోండమ్మా," అన్నాడాయన.

నాంచారమ్మ వెంటనే కూర్చోలేకపోయింది. మూడేళ్ళ మాటలు నోట్లో ఉండిపోయాయి. చివరికి, మా ఆయన కూడా ఆరేయచ్చా అని ఏదో అనేసి కూర్చుంది.

అది చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. జకర్యా స్కూటరుకి స్తంభం అడ్డంగా ఉందని చెబితే, స్థలం మార్చుకోమన్నాడు ప్రెసిడెంటు. వాచ్‌మన్ గదిలో ఫ్యానుకి కరెంటు దండగని రెండు వేసవులుగా ఆపిన మనిషి, ఇవాళ ఎవరో అడగ్గానే పెట్టించండి అన్నాడు. గోడవారగా నిలబడ్డ బిక్షం తను విన్నది నిజమేనా అని పక్కవాళ్ళని అడిగాడు. మీటింగు అలా పూలబండిలా సాగిపోతుంటే, జ్ఞానమణి టీచరు చేతిలో కాగితంతో లేచింది.

"రాజుగారూ, ఈ అపార్ట్‌మెంటులో గుండు బల్బు ఉండకూడదని తీర్మానం చేసిందెవరండీ?"

"నేనేనండి."

"మరి మీ ఇంట్లో పది రోజులుగా వెలుగుతున్నది ఏమిటి?"

"గుండు బల్బేనండి. అరవై క్యాండిల్."

టీచరు కాగితం వైపు చూసుకుంది. ఆయన కాదంటాడని, అప్పుడు తను ఏమనాలో, దానికి ఆయన ఏమంటాడో, మళ్ళీ తను ఏమనాలో అన్నీ రాసుకుంది. ఒప్పుకుంటే ఏం చెయ్యాలో రాసుకోలేదు. కాగితం వెనక్కి తిప్పి, కిందనున్న ఆఖరి సంగతి పట్టుకుంది.

"బల్బు సంగతి అలా ఉంచండి. పిల్లాపాపా ఉన్న చోట, పట్టపగలు తలుపులేసుకుని కాక్‌టెయిల్ వెచ్చచేసుకుంటున్నారే, దానికేమంటారు?"

అప్పుడు కామరాజుకి కోపం వచ్చింది. గాలివానల్లో అరిచిన అరుపు కడుపులోంచి లేచి గొంతుదాకా వచ్చింది. ఊపిరి బలంగా పీల్చేసరికి ఛాతీ ఉబ్బి, లోపలివాళ్ళు ముగ్గురూ లేచారు. స్వెట్టరులోంచి రేడియో గరగర మొదలైంది. ముందు వరసలోవాళ్ళు కుర్చీలు వెనక్కి జరిపారు. కామరాజు పీల్చిన ఊపిరి మెల్లిగా వదిలేసి, పై బొత్తాలు రెండు విప్పి, టోపీ అంచు కాస్త కిందకి జరిపాడు. మూడు బోడి తలలు బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న టీచరు వైపు నోళ్ళు తెరిచాయి.

"కాకటీల్ అండి," అన్నాడు. "పిట్ట పేరు. కరెంటు పోయింది. చలికి తట్టుకోలేవు."

జ్ఞానమణి టీచరు కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. నలభయ్యేళ్ళు ఒకటో తరగతి పిల్లల్ని చూసిన మనిషి. ముందుకొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఆ చిన్నదాన్ని ఎందుకు కిందపెట్టారు? మిగతా రెండూ దాన్ని తొక్కేస్తున్నాయి," అని తన చేత్తోనే దాన్ని పైకి సర్దింది.

మీటింగు ముగిసిందని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం సీతారత్నం యాప్రాల్‌నుంచి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. హాలునిండా జనం. నాంచారమ్మ స్టౌ దగ్గర నీళ్ళు కాస్తోంది. జకర్యా పెట్టె మూతకి అంచులు కోసి సరిగ్గా పడేలా చేస్తున్నాడు. టీచరు కుర్చీలో కూర్చుని, శాలువా కింద టోపీ పెట్టుకుని ఉంది. కామరాజు గుసగుసగా అందరికీ కాఫీలు ఇస్తున్నాడు. సీతారత్నం గుమ్మంలోనే ఆగి, ముందు మొగుడి గొంతుకేమైందని అడిగింది.

అప్పటినుంచి పిల్లలు ఇద్దరి చేతుల్లోనూ పెరిగాయి. రెండో అంతస్తూ మూడో అంతస్తూ వేరువేరు ఫేజుల మీద ఉండడం వల్ల, ఒక్కోసారి ఇక్కడ కరెంటు పోయినా అక్కడ ఉండేది. అలాంటప్పుడు కామరాజు టోపీ పట్టుకుని పైకి వెళ్ళేవాడు. పైన పోతే టీచరు శాలువా కప్పుకుని కిందకి దిగేది. అరవై క్యాండిల్ బల్బు ఇంకొకటి కావాల్సొచ్చింది. ఈసారి కామరాజు మెట్టుగూడలోనే, టోపీ లేకుండా వెళ్ళి కొన్నాడు. కొట్టువాడు ఇచ్చేముందు రెండుసార్లు అడిగాడు, మీకేనా సార్ అని.

క్రిస్మస్‌కి నాలుగైదు రోజుల ముందు చలి బాగా ముదిరింది. ఒక మధ్యాహ్నం కామరాజు మేత పెట్టబోయి చూస్తే, అన్నిటికంటే చిన్నదాని సంచి పొద్దున పోసిన ఉగ్గుతో అలాగే ఉంది. పిల్ల తల వేలాడేసింది. నోరు తెరవడం లేదు. సీతారత్నం బ్యాంకులో ఉంది, ఫోను ఎత్తలేదు. దుకాణంవాడు మాత్రం ఎత్తాడు. ఇంకేమీ పెట్టొద్దని, బాగా వెచ్చగా ఉంచి నాలుగు చుక్కలు గోరువెచ్చటి నీళ్ళు మాత్రం పట్టమని, ఆ పైన దాని అదృష్టమని చెప్పాడు. కామరాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని మూడో అంతస్తుకి పరిగెత్తాడు. బెల్లు కొట్టడం కూడా మరిచిపోయి తలుపు మోచేత్తో తోశాడు.

టీచరు చుక్క చుక్కగా నీళ్ళు పట్టింది. రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి, దాని మీద కంబళి పరిచి, కంబళి మీద కామరాజు చెయ్యి, చేతిలో పిల్ల. చెయ్యి కదలకూడదు. సోఫాలో ఒక పక్క ఆయన, రెండో పక్క ఆవిడ. బయట రైలు కూత వేసి పోయింది. టీచరు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందని ఆయనకి అర్థమైంది.

"ఇంత చిన్న ప్రాణాన్ని నేనెప్పుడూ ఎత్తుకోలేదండి," అన్నాడు కామరాజు ఉన్నట్టుండి.

కూతురుంది కదా అన్నట్టు టీచరు ఆయన వైపు చూసింది. అతనే చెప్పాడు. విశాఖపట్నంలో ఉన్న కూతురు పుట్టినప్పుడు సముద్రం ఒడ్డున ఊళ్ళలో తుఫాను డ్యూటీలో ఉన్నాడట. స్తంభాలన్నీ పడిపోయి, నెలలు పట్టింది నిలబెట్టడానికి. ఇంటికొచ్చేసరికి పిల్ల నవ్వుతోంది, బోర్లాపడుతోంది. ఎత్తుకుంటే తన గొంతు విని గుక్కపెట్టి ఏడ్చిందట. అందరూ అలవాటవుతుందిలే అన్నారు. అలవాటైంది కూడా. కానీ చేతిలో పట్టేంత ఉన్నప్పుడు చూడలేదు.

టీచరు వేడినీళ్ళు మార్చడానికి లేచింది. లోపల్నుంచి వచ్చేటప్పుడు కాఫీ కూడా తెచ్చింది. ఆయన చెయ్యి కదపకూడదు కాబట్టి సాసర్లో పోసి అందించింది. ఆయన తాగాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ బల్బుల మాట ఎత్తలేదు.

ఎండ బాల్కనీలోంచి పోయే వేళకి అరచేతిలో చిన్నగా కాలు తన్నినట్టయింది. సంచి కాస్త జారింది. ఇంకాసేపటికి పిల్ల తలెత్తి, బొంగురుగా ఒక్కసారి గర్రుమంది. కామరాజు నోరు తెరిచి, ఏదో కేక వేయబోయి, ఆపుకుని, జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

దానికి టీచరు యోనా అని పేరు పెట్టింది. బైబిలు కథలో చేప కడుపులోంచి బతికి బయటపడ్డవాడు. ఈ పిల్ల చేపల పెట్టెలోంచి బతికి బయటపడింది కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయిందని సీతారత్నం కూడా ఒప్పుకుంది. అది పైనే ఉండిపోయింది. క్రిస్మస్ ముందురోజు కామరాజు స్టూలు పట్టుకుని పైకి వెళ్ళి, ఎర్ర నక్షత్రంలో తెల్లబల్బు విప్పి గుండు బల్బు బిగించి వచ్చాడు. ఇది ఒక్క నెలకే అని అంటూనే బిగించాడు. టీచరు సరేనంది. క్రిస్మస్ కేకు కోసి, పిట్టల వాటా వేరుగా కట్టి ఇచ్చింది. పిట్టలు కేకు తినవని తెలిసి కూడా ఆయన ఆ వాటా తీసుకున్నాడు.

ఫిబ్రవరికల్లా పిల్లలకి ఈకలు నిండాయి. కుచ్చులు లేచాయి. పెట్టె, బల్బు, ముంత, టోపీ ఏవీ అక్కర్లేకపోయాయి. గదిలో ఒక గోడనుంచి ఇంకో గోడకి ఎగురుతున్నాయి. ఆ నెల ఆఖరి ఆదివారం మళ్ళీ సమావేశం పెట్టారు. కామరాజు చలువచొక్కా వేసుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ వచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, డాబా మీద కాకులు కేబుల్ వైరు పీకేసిన సంగతి ఎత్తుకున్నాడు. గొంతు సెల్లారు దాటి సందు చివర దాకా వెళ్ళింది. నాంచారమ్మ తాళంచెవిని కొంగు ముడిలో గట్టిగా పట్టుకుంది. జకర్యా తల దించుకుని స్తంభం వైపు చూస్తున్నాడు.

ఫ్యాను మాట కూడా ఎక్కడ తిరగబడుతుందోనని బిక్షం మెల్లిగా మెట్ల దగ్గర కూర్చున్న సీతారత్నం పక్కకి వచ్చాడు.

"అమ్మా, జెర ఒక మాట. ఆ పిట్టలు మళ్ళ గుడ్లు పెడ్తయా?"

సీతారత్నం మొగుడి వైపు చూసి, బిక్షం వైపు చూసి, ఆడపిట్ట రెండ్రోజులుగా గూడు పెట్టెలోకి పోయి వస్తోందని, చెప్పలేమని అంది.

వాళ్ళ ముందు వరసలో కూర్చున్న నాంచారమ్మకి ఆ మాట చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ మెత్తగా ఉడికించిన మొక్కజొన్న గింజలు గిన్నెలో పెట్టి, మూత వేసి, రెండో అంతస్తుకి పంపించింది. ఆడపిట్టకి బలమని చెప్పమంది.